‘కులం’ పోర్చుగీసు మాటేనా? ‘కస్తా’ చరిత్ర

కులాన్ని గురించిన చర్చ మొదలైన చోట, ముఖ్యంగా విదేశాల్లో స్థిరపడిన తెలుగువాళ్ళ మధ్య మొదలైతే, ఒక వాదన తరచుగా వినిపిస్తుంది. ఇంగ్లీషులో కులానికి వాడే ‘క్యాస్ట్’ అనే మాట మనది కాదనీ, పోర్చుగీసువాళ్ళు వెంట తెచ్చిన ‘కస్తా’ అనే మాట నుంచి అది పుట్టిందనీ, కాబట్టి ఆ మాట సూచించే వ్యవస్థ కూడా వలస పాలకులు మన మీద రుద్దిందేననీ ఆ వాదన సారాంశం. బాగా చదువుకున్నవాళ్ళ నోట, నేను గౌరవించే పెద్దల నోట కూడా ఈ మాట విన్నాను. అందులో మొదటి సగం నిజమే. ఆ మొదటి సగాన్ని ఓపికగా చివరిదాకా తెలుసుకున్నవారెవరూ రెండో సగాన్ని నమ్మలేరని నా గట్టి అభిప్రాయం. అందుకే ఈ మాట పుట్టిల్లయిన, స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పం నుంచే మొదలుపెడతాను.

స్పానిష్, పోర్చుగీసు, గలీసియన్, కతలాన్ భాషలు నాలుగింటిలోనూ ‘కస్తా’ అనే మాట ఒకే రూపంలో ఉంది. లాటిన్ కుటుంబానికి చెందని బాస్కు భాష కూడా దాన్ని అరువు తెచ్చుకుంది. అక్కడి మామూలు మనుషులకు ఈ మాట వినగానే మన కులవ్యవస్థ గుర్తుకు రాదు. పోర్చుగల్‌లో ద్రాక్షతోటల రైతుతో మాట్లాడితే ‘కస్తా’ అంటే ద్రాక్ష రకం. తూరీగా నాసియొనాల్ ఒక కస్తా, ‘బాగా’ అనేది ఒక కస్తా, అల్వరీన్యో ఒక కస్తా. ఏ సీసాలో ఏయే కస్తాలు కలిశాయో చీటీ మీదే అచ్చువేస్తారు. స్పెయిన్‌లో పోట్ల గిత్తలను పెంచేవాళ్ళ నోట అదే మాట పశువుల వంశానికి, ఆ వంశం నుంచి వచ్చిన పౌరుషానికి వాడుక. ‘వేటకుక్కకు పొడవైన తోక కస్తా నుంచే వచ్చింది’ అన్న అర్థంలో స్పానిష్‌లో ఒక పాత సామెత ఉంది. తండ్రి పోలికలు బిడ్డలో కనిపించినప్పుడు దాన్ని వాడతారు. మొక్కకూ, పశువుకూ, మనిషికీ ఒకే మాట చెల్లడం మనకు కొత్తేమీ కాదు. వరి రకాన్ని మనం ‘వంగడం’ అంటాం. పాత తెలుగులో ఆ వంగడమే వంశానికీ, కులానికీ పేరు. తరం నుంచి తరానికి లక్షణం దిగివచ్చే తీరును గమనించిన రైతు, ఆ గమనింపును పొలం నుంచి ఇంటికి తెచ్చుకోవడం చాలా నేలల మీద జరిగినట్టుంది.

ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు చాలాకాలం చెల్లుబాటైన జవాబు ఒకటుంది. లాటిన్‌లో ‘కాస్తుస్’ అంటే పవిత్రమైన, మచ్చలేని అని అర్థం. ఆ విశేషణం స్త్రీలింగ రూపం ‘కాస్తా’. స్పానిష్‌లో పతివ్రతను వర్ణించే విశేషణమూ, వంశాన్ని చెప్పే నామవాచకమూ ఒకేలా పలుకుతాయి గనుక రెండూ ఒకటేనని పండితులు తీర్మానించారు. 1611లో స్పానిష్ నిఘంటువును ప్రచురించిన సెబాస్తియన్ ద కొవర్రూబియాస్ ‘కస్తా’ అంటే ఉన్నతమైన వంశమని చెప్పి, మంచి సంతానం కలగాలంటే పురుషులు దాంపత్యంలో విచ్చలవిడితనం లేకుండా ఉండాలి గనుక ఈ మాట ‘కాస్తుస్’ నుంచి వచ్చిందని వివరించాడు. 1895లో స్పెయిన్‌కు చెందిన ఉనమునో అంతటి రచయిత కూడా అదే వ్యుత్పత్తిని మళ్ళీ రాశాడు.

ఈ వ్యుత్పత్తిలోని ఇబ్బంది కొవర్రూబియాస్ రాసిన వాక్యంలోనే దాగి ఉంది. కస్తా అంటే ఉన్నతవంశం అన్న వెంటనే, మనం ‘మంచి కస్తా’ అనీ ‘చెడ్డ కస్తా’ అనీ రెండు విధాలుగానూ అంటామని ఆయనే ఒప్పుకున్నాడు. మాటలోనే పవిత్రత ఉంటే ‘చెడ్డ పవిత్రత’ అనడం ఎలా కుదురుతుంది? మరో ఇబ్బంది భూగోళానికి సంబంధించినది. లాటిన్ నుంచి సహజంగా దిగివచ్చిన మాటైతే ఇటలీలోనో ఫ్రాన్సులోనో కూడా దాని జాడ ఉండాలి. కానీ ఇటాలియన్‌కూ ఫ్రెంచికీ ఈ నామవాచకం ఐబీరియా నుంచి ఎగుమతి అయినదే. లాటిన్ సంతానమైన భాషల్లో ఒక్క ఐబీరియాకే పరిమితమైన మాట అనగానే, ఆ నేల మీద మాత్రమే గట్టిగా పాతుకుపోయిన మరో జనం వైపు చూడవలసి వస్తుంది. అయిదో శతాబ్దంలో వచ్చి, తొలేదోను రాజధానిగా చేసుకుని, 711లో అరబ్బు, బెర్బర్ సేనల దాడితో రాజ్యం పోగొట్టుకున్న విసిగోతులనే జర్మానిక్ తెగే ఆ జనం.

స్పానిష్ భాషకు అతి ప్రామాణికమైన వ్యుత్పత్తి నిఘంటువును తయారుచేసిన కతలాన్ భాషావేత్త జోన్ కొరొమినెస్ ఈ దారినే ఎంచుకున్నాడు. విసిగోతుల భాష గోతిక్‌లో ‘కస్త్స్’ అనే మాట ఉండి ఉండాలని ఆయన ఊహ. అది ఏ గోతిక్ గ్రంథంలోనూ దొరకదు గనుక భాషావేత్తలు దానికి ముందు నక్షత్రపు గుర్తు పెడతారు. కానీ దాని బంధువులు దొరుకుతారు. గోతిక్ లాగే జర్మానిక్ కుటుంబానికి చెందిన పాత నార్స్ భాషలో ‘కస్తా’ అంటే విసరడం. ఇంగ్లీషులో విసరడానికీ, అచ్చుపోయడానికీ వాడే ‘కాస్ట్’ అక్కడినుంచి వచ్చిందే. ఒక్క విడతలో పుట్టిన పిల్లల గుంపు, ఒక్క పొదుగులో వెలువడిన పక్షిపిల్లలు అన్నది ఈ గోతిక్ మాటకు ఆయన చెప్పిన అర్థం. ‘తొలి ఈత దూడ’, ‘రెండో ఈత’ అనే తెలుగు పాడిరైతుకు ఈ అర్థం తేలిగ్గా బోధపడుతుంది. గోతిక్ వాదం పునర్నిర్మించిన రూపం మీద ఆధారపడిందే అయినా, లాటిన్ వాదం కంటే అది నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. ‘మంచి కస్తా’, ‘చెడ్డ కస్తా’ రెండూ అందులో ఇముడుతాయి. పశువుకూ ద్రాక్షకూ మాట వర్తించడం కూడా అందులో ఇముడుతుంది.

అది నిజమైతే, పవిత్రత అన్న అర్థం ఈ మాటకు పుట్టుకతో వచ్చింది కాదనీ, పవిత్రత మీద మక్కువ పెంచుకున్న సమాజం తర్వాత అంటగట్టిందనీ తేలుతుంది. ఆ మక్కువ ఎప్పుడు ముదిరిందో చెప్పడానికి ఒక తేదీ కూడా ఉంది. 1449లో తొలేదో నగరంలో పన్నుల మీద తిరుగుబాటు చెలరేగింది. ఆ కోపం యూదుమతం నుంచి క్రైస్తవంలోకి మారిన కుటుంబాల మీదికి మళ్ళింది. పేరో సర్మియెంతో నాయకత్వంలో తిరుగుబాటుదారులు ఒక శాసనం వెలువరించి, యూదు సంతతివారెవరూ, ఎంత నిష్ఠగల క్రైస్తవులైనా, నగరంలో పదవులు పొందరాదన్నారు. బాప్తిస్మం పొందినవాళ్ళ మధ్య తేడా చూపడం తగదని పోప్ అయిదో నికొలస్ అదే ఏడు దాన్ని ఖండించాడు. అయినా ఆ ఆలోచన ఆగలేదు. 1547లో తొలేదో ప్రధాన చర్చే అటువంటి నియమం పెట్టుకుంది. సైనిక మఠాలు, పెద్ద విద్యాలయాలు, చర్చి మండళ్ళు ఒక్కొక్కటిగా ‘లింపియేసా దె సాంగ్రె’, అంటే రక్తశుద్ధి, రుజువు చేయమని అడగసాగాయి. అభ్యర్థి తాతముత్తాతల ఊళ్ళకు విచారణాధికారులు వెళ్ళి, వృద్ధులను కూర్చోబెట్టి, ఆ కుటుంబంలో యూదుడో ముస్లిమో ఉన్నారా అని సాక్ష్యాలు రాసుకునేవారు. ‘కస్తా’ నుంచి పుట్టిన ‘కస్తీసో’ అనే విశేషణానికి అసలైన, కల్తీలేని అన్న అర్థం స్థిరపడింది ఇటువంటి గాలిలోనే. పోర్చుగల్‌లో పాత క్రైస్తవులకూ కొత్త క్రైస్తవులకూ మధ్య చట్టపరమైన తేడాను 1773లో అక్కడి రాజుగారి మంత్రి పొంబాల్ రద్దు చేసేదాకా ఈ లెక్క సాగింది.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే కలచివేసిన మనిషి గార్సియా ద ఓర్తా. ఆయన తల్లిదండ్రులు స్పెయిన్ యూదులు. 1492లో స్పెయిన్ రాజదంపతులు యూదులను దేశం నుంచి వెళ్ళగొట్టినప్పుడు సరిహద్దు దాటి పోర్చుగల్ చేరారు. 1497లో అక్కడా బలవంతపు మతమార్పిడి తప్పలేదు. కొడుకు సలమాంకాలోనూ అల్కలాలోనూ వైద్యం చదివి, 1534లో గోవాకు వచ్చాడు. అహ్మద్‌నగర్ నిజాంషాహీ సుల్తానుకు వైద్యం చేశాడు, దక్కను పండితులతోనూ హకీములతోనూ మూలికల గురించి చర్చించాడు, 1563లో గోవాలోనే భారతదేశపు ఔషధద్రవ్యాల మీద సంభాషణల రూపంలో పోర్చుగీసులో ఒక పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. భారతీయ సమాజాన్ని వర్ణిస్తూ ‘కస్తా’ అనే మాటను వాడిన తొలి అచ్చు పుస్తకాల్లో అదొకటి. ఇక్కడ తండ్రి వృత్తిని ఎవరూ విడిచిపెట్టరనీ, చెప్పులు కుట్టేవారి కస్తాకు చెందినవారందరూ ఆ పనే చేస్తారనీ ఆయన గమనించి రాశాడు.

ఆ వాక్యం రాసిన మనిషి తన దేశపు లెక్కలో మలినరక్తం కలవాడు. గోవాలో మతవిచారణ న్యాయస్థానం 1560లోనే మొదలైంది. ఓర్తా 1568లో చనిపోయాడు. మరుసటి ఏడు ఆయన చెల్లెలు కతరీనాను, రహస్యంగా యూదుమతాన్ని పాటిస్తున్నదన్న నేరం మోపి, సజీవదహనం చేశారు. 1580లో ఓర్తా ఎముకలను కూడా సమాధి నుంచి తవ్వితీసి కాల్చారు. పుట్టుకను బట్టి మనిషి విలువను నిర్ణయించే ఏర్పాటు ఎలా ఉంటుందో ఆయనకు భారతదేశం నేర్పవలసిన పని లేదు. ఇక్కడి ఏర్పాటును చూసి ఆయన దాన్ని గుర్తుపట్టాడు, తన ఇంటి మాటతో దానికి పేరు పెట్టాడు. గుర్తుపట్టడానికీ సృష్టించడానికీ ఉన్న తేడా ‘వలస పాలకుల కల్పన’ అనేవాళ్ళకు కనబడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

1567లో గోవా మతమండలి చేసిన తీర్మానం ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఈ ప్రాంతపు అన్యమతస్థులు హెచ్చుతగ్గుల కస్తాలుగా విడిపోయి ఉన్నారనీ, క్రైస్తవులను తమకంటే తక్కువగా చూస్తారనీ, పై కస్తావారు కింది కస్తావారితో కలిసి తినరు, తాగరనీ అందులో ఉంది. తమను తక్కువగా చూస్తున్న ఏర్పాటును పోర్చుగీసు మతాధికారులే కల్పించారనడానికి ఆధారమేదీ నాకు కనబడదు. అంతకంటే గట్టి సాక్ష్యం గోవా కథోలికులే. మతం మారినా బామణ్, చార్డో, సుదిర్ అన్న విభజన వాళ్ళలో శతాబ్దాలపాటు నిలిచింది, చర్చి సోదరసంఘాలు కులాల వారీగా నడిచాయి. మన కోస్తా జిల్లాల్లోనూ తెలంగాణలోనూ క్రైస్తవ కుటుంబాల పెళ్ళిసంబంధాలు ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

పోర్చుగీసువాళ్ళు తమలోతామూ ఇదే లెక్క వేసుకున్నారు. పోర్చుగల్‌లో పుట్టి వచ్చినవాడు ‘రెయినోల్’, ఇక్కడే పోర్చుగీసు దంపతులకు పుట్టినవాడు ‘కస్తీసు’, భారతీయ తల్లికి పుట్టినవాడు ‘మెస్తీసు’. 1580లలో గోవాలో ఉన్న డచ్చివాడు లిన్‌స్కోటెన్ ఈ పేర్లను నమోదు చేశాడు.

అట్లాంటిక్ అవతల స్పెయిన్ సామ్రాజ్యంలో ఈ మాట మరో రూపం దాల్చింది. మెక్సికోలో ‘కస్తాలు’ అంటే స్పెయిన్ దేశస్థులూ కాక, స్థానిక ఆదివాసులూ కాక, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల రక్తంతో సహా కలగలిసిన కుటుంబాలవారందరూ. పద్ధెనిమిదో శతాబ్దంలో అక్కడి చిత్రకారులు ఈ కలయికలను వరుస బొమ్మలుగా, చాలావరకు పదహారేసి పలకాలుగా గీశారు. మిగేల్ కబ్రేరా 1763లో గీసిన వరుస వాటిలో పేరెన్నికగన్నది. ప్రతి పలకంలోనూ తండ్రి, తల్లి, బిడ్డ, కింద ఆ కలయిక పేరు. స్పానియార్డుకూ ఆదివాసి స్త్రీకీ పుట్టినవాడు మెస్తీసో. మెస్తీసో, స్పానియార్డుల బిడ్డ కస్తీసో. కస్తీసో మళ్ళీ స్పానియార్డును పెళ్ళాడితే బిడ్డ తిరిగి స్పానియార్డే. ఆఫ్రికా రక్తం చేరిన వరుసలకు మాత్రం ఈ తిరుగుదారి చూపరు. వాటి పేర్లే చెబుతాయి: ‘వెనక్కి మళ్ళినవాడు’, ‘గాలిలో నిలిచినవాడు’, ‘నువ్వు నాకు అర్థం కావు’. కన్నబిడ్డకు పెట్టే పేరా ఇది అనిపిస్తుంది. 1813లో స్వాతంత్ర్య పోరాటానికి నాయకత్వం వహించిన మతగురువు హోసే మారియా మొరేలోస్, తన రాజకీయ ప్రకటన పదిహేనో అంశంలో బానిసత్వాన్నీ కస్తాల భేదాన్నీ శాశ్వతంగా నిషేధించాలనీ, ఒక అమెరికావాసికీ మరొకరికీ మధ్య తేడా గుణదోషాలలో మాత్రమే ఉండాలనీ రాశాడు. ఆయన కుటుంబమే మిశ్రమ సంతతిది.

మెక్సికో కస్తాకూ మన కులానికీ ఉన్న తేడాను ఇక్కడ గట్టిగా చెప్పాలి. అక్కడిది కలయికల లెక్క: పెళ్ళిళ్ళు జరుగుతూనే ఉంటాయి, ఫలితానికి ఒక్కో పేరు పడుతుంది. ఇక్కడిది కలవకుండా ఉండే కట్టుబాటు. అంబేద్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో కులానికి ప్రాణం స్వకుల వివాహమేనని నిరూపించాడు. తర్వాత 1936లో, కులవిభజన జాతివిభజన కాదనీ, పంజాబు బ్రాహ్మణుడూ పంజాబు చమారూ ఒకే జాతివారనీ వాదించాడు. వలస పాలన చేసిన నిజమైన అన్యాయం ఈ చోటే ఉందని నేననుకుంటాను. రక్తం, జాతి అన్న ఐబీరియా అర్థాలు మోసుకొచ్చిన మాటను ఇంగ్లీషువాళ్ళు అరువు తీసుకున్నారు. 1901 జనగణనకు బాధ్యుడైన హెర్బర్ట్ రిస్లీ ముక్కుల కొలతలను బట్టి కులాల హెచ్చుతగ్గులను వివరించబోయాడు. కులాలను పట్టికలకెక్కించి, వరుసలు పెట్టి, కొన్నిచోట్ల బిగించిన పాపం ఆ పాలనకు ఉంది. ఆ విమర్శను నేను పూర్తిగా అంగీకరిస్తాను. కానీ బిగించాలంటే ముందే ఒకటి ఉండాలి.

ఉన్నదనడానికి తెలుగులోనే సాక్ష్యం కావలసినంత ఉంది. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు కులాన్ని లెక్కచేయని శివభక్తుల కథలను ద్విపదలో చెప్పాడు. లేని కులాన్ని ధిక్కరించవలసిన అవసరం ఆయనకు లేదు. ‘ఏ కులజుడేమి’ అని పాడిన అన్నమయ్య 1503లో కన్నుమూశాడు; గోవా పోర్చుగీసుల వశమైంది 1510లో. కవుల మాట చాలదనేవారికి రక్తపరీక్షలే ఉన్నాయి. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న ఒక జన్యు అధ్యయనం 2009లో వెలువడింది. ఆంధ్రప్రదేశ్ వైశ్యులలో బయటి నుంచి జన్యువుల రాక వేల ఏళ్ళుగా నామమాత్రమని అది తేల్చింది. 2013లో వచ్చిన మరో అధ్యయనం, ఉపఖండంలో విస్తృతంగా సాగిన జనుల కలయిక దాదాపు 1,900 ఏళ్ళ కిందట ఆగిపోయి స్వకుల వివాహం పాతుకుందని చెప్పింది. ఈ గోడలు కట్టేనాటికి పోర్చుగల్ అనే దేశమే లేదు.

తెలుగు పోర్చుగీసు నుంచి మాటలు తీసుకోవడానికి ఏనాడూ మొహమాటపడలేదు. బొత్తాం, మేస్త్రి, తువ్వాలు, అనాస, వేలం అన్నీ ఆ వైపు నుంచి వచ్చినవే. వాటిలో చాలావరకు వస్తువుతోపాటో పద్ధతితోపాటో మాటా వచ్చింది. ‘కస్తా’ మాత్రం నేరుగా రాలేదు. చెప్పడానికి కులం, జాతి, వర్ణం, వంగడం అని మనకు ఇన్ని మాటలుండగా దాని అవసరం పడలేదు. తర్వాత ఇంగ్లీషు ద్వారా ‘క్యాస్ట్ సర్టిఫికెట్’గా, ‘క్యాస్ట్ ఫీలింగ్’గా కార్యాలయాలలోకీ కళాశాలలలోకీ వచ్చింది. అయినా కొత్తగా పరిచయమైనవాడి కులం ఆరా తీసేటప్పుడు మనవాళ్ళు ఆ మాట వాడరు. ‘మీరేమిట్లు?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నలో ఒక్క అక్షరమైనా లిస్బన్ నుంచి వచ్చింది కాదు.

ఐబీరియాలో ఈ మాట ఈ మధ్య మరో మలుపు తిరిగింది. 2014లో స్పెయిన్‌లో కొత్తగా వచ్చిన వామపక్ష పొదేమోస్ పార్టీ, అధికారాన్ని తమలోతామే పంచుకునే నాయకులనూ ధనికులనూ ‘లా కస్తా’ అని నిందించింది. ఇటలీ రాజకీయాల్లో అప్పటికే ఆ తిట్టు ఉంది. 2023లో అర్జెంటీనాలో హవియర్ మిలేయ్, పూర్తిగా ఎదుటి శిబిరం నుంచి, అదే మాటతో ఎన్నిక గెలిచాడు. ఒకప్పుడు రక్తశుద్ధికి గర్వంగా చెప్పుకున్న మాట ఇప్పుడు అక్కడ తలుపులు మూసుకు కూర్చున్నవాళ్ళ మీద వేసే నింద అయింది. ఈ కొత్త వాడుకలో పుట్టుక ప్రసక్తి దాదాపు లేదు.

అమెరికాలో జరుగుతున్న చర్చలో మాత్రం పుట్టుక ప్రసక్తే ప్రధానం. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరమండలి కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును, ఇప్పటికే ఉన్న చట్టాలు సరిపోతాయంటూ గవర్నరు అక్టోబరులో తిరస్కరించారు. అటువంటి చట్టం అవసరమా, దానివల్ల ఒక సమాజం మొత్తం మీద అనుమానం పడుతుందా అన్న ప్రశ్నలు న్యాయమైనవే. వాటిమీద నిజాయితీగా భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. పోర్చుగీసు వ్యుత్పత్తిని మాత్రం ఆ చర్చలో సాక్ష్యంగా నిలబెట్టవద్దని నా వాళ్ళను వేడుకుంటున్నాను. కార్యాలయంలో తోటి తెలుగువాడు భుజం తట్టే నెపంతో జందెం తడిమి చూశాడా, అద్దె ఇంటికి వెళ్ళిన కుర్రాడిని ఇంటిపేరు అడిగి వెనక్కి పంపారా, సంక్రాంతి విందుకు ఎవరిని పిలిచారు, ఎవరిని వదిలేశారు అన్నవే అక్కడ తేలవలసిన విషయాలు. వాటికి జవాబు చెప్పవలసినవాళ్ళం మనమే.